52 బిట్ల పాస్‌వర్డ్ అంత తేలికగా ఎలా తెరుచుకుంది?

పెన్నా_ఒడ్డు
నెల్లూరులో మా కార్యాలయపు ఖాతాల సాఫ్ట్‌వేర్ వ్యవహారాలన్నీ నేనే చూసుకుంటాను. పాస్‌వర్డ్‌లో కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలని, అందులో ఒక పెద్ద అక్షరం, ఒక అంకె, ఒక గుర్తు తప్పనిసరి అని నియమం పెట్టాము. టైపు చేస్తున్నప్పుడు పక్కనే ఒక పచ్చ గీత వచ్చి, దాని కింద "ఎంట్రపీ: 52 బిట్లు" అని చూపుతుంది. ఆ అంకె చూసి అందరమూ నిశ్చింతగా ఉన్నాము. ఇటీవల తనిఖీకి వచ్చిన ఆడిటర్, మా అనుమతితోనే, ఊళ్ల పేర్లు, దేవుళ్ల పేర్లు, హీరోల పేర్లు రాసుకుని, వాటి చివర ఎట్ గుర్తునూ ఒకటి రెండు అంకెలనూ తగిలించిన ఒక చిన్న జాబితాతో కూర్చుని, భోజనాల వేళకల్లా చాలా ఖాతాలను తెరిచి చూపించారు. ఆయన తెరిచిన వాటిలో 52 కంటే తక్కువ చూపిన ఖాతా ఒక్కటీ లేదు. ఎంట్రపీ అంటే అనిశ్చితికి కొలత అని చదువుకున్నాము. అంత అనిశ్చితి ఉన్న దాన్ని ఊహించడం ఇంత సులువు ఎందుకయింది? తప్పు మీటరుదా, ఎంట్రపీ కొలతను ఇచ్చిన గణితవేత్త షానన్ సూత్రానిదా?

గూడూరు_నిమ్మ
ఆ జాబితాలో హీరోల పేర్లు ఉన్నాయన్నారు. ఏ హీరో పేరుతో ఎక్కువ ఖాతాలు తెరుచుకున్నాయో దయచేసి ఇక్కడ రాయవద్దు. ఆ తరువాత ఈ చర్చలో గణితం మిగలదు.

కావలి_లెక్కల_మాస్టారు
మీటరు చేసిన లెక్క ఇది. కీబోర్డు మీద మామూలుగా టైపు చేయగలిగిన గుర్తులు, ఖాళీని వదిలేస్తే, 94. ఎనిమిది స్థానాలలో ఒక్కొక్క దానికి 94 అవకాశాలు కాబట్టి మొత్తం సుమారు 61 కోట్ల కోట్ల పాస్‌వర్డ్‌లు సాధ్యం. దానికి 2 ఆధారంగా సంవర్గమానం తీస్తే 52.4 వస్తుంది, బిట్లు అంటే అవే. ఇందులో మీ ఉద్యోగుల ప్రస్తావన ఎక్కడా లేదు. అన్ని అవకాశాలూ సమానమని ముందే అనుకుని, వాటి సంఖ్యను మాత్రమే కొలిచే ఈ పద్ధతిని 1928లో హార్ట్లీ చెప్పాడు. షానన్ 1948లో బెల్ ల్యాబ్స్‌లో ఉండగా ప్రచురించిన వ్యాసంలో దానికి సంభావ్యతలను జోడించాడు. ఒక్కొక్క అవకాశపు సంభావ్యతను, అదే సంభావ్యత యొక్క సంవర్గమానంతో గుణించి, అన్నింటినీ కూడి, ముందు రుణ చిహ్నం పెడితే వచ్చేదే ఎంట్రపీ. అన్నీ సమానమైనప్పుడు మాత్రమే అది హార్ట్లీ సంఖ్యతో కలుస్తుంది, లేనప్పుడు దాని కంటే తక్కువగా ఉంటుంది. అంటే మీ మీటరు హార్ట్లీ సరుకును షానన్ పేరు మీద అమ్ముతోంది.

కందుకూరు_కుర్రాడు
అయితే పరిష్కారం సులువే కదా మాస్టారూ. ఉద్యోగులు నిజంగా ఏ పాస్‌వర్డ్ ఎంత తరచుగా పెడుతున్నారో తెలుసుకుని, ఆ సంభావ్యతలతో షానన్ ఎంట్రపీ కడితే, వచ్చిన అంకె ఊహించడంలో ఉన్న కష్టాన్ని సరిగ్గా చెబుతుంది. నేను బీటెక్ మూడో సంవత్సరంలో ఉన్నాను, మాకు అలాగే చెప్పారు.

ఉదయగిరి_చెక్కగరిటె
చెప్పదు తమ్ముడూ. అసలు చిక్కు అక్కడే ఉంది, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

ఒక రహస్యాన్ని కనుక్కోవడానికి రెండు రకాల ప్రశ్నలు వేయవచ్చు. మొదటి రకంలో, మిగిలిన అవకాశాలను ఎలాగైనా రెండు గుంపులుగా విడగొట్టి, అది ఈ గుంపులో ఉందా అని అడగవచ్చు. రెండో రకంలో ఒక్కొక్క అవకాశాన్నీ ఎత్తి చూపి, ఇదేనా అని మాత్రమే అడగగలం. షానన్ ఎంట్రపీ మొదటి రకం ప్రశ్నల లెక్క. 1952లో హఫ్‌మన్ చూపిన పద్ధతిలో ప్రశ్నలను పేర్చుకుంటే, సగటున పట్టే ప్రశ్నల సంఖ్య ఎంట్రపీ కంటే తగ్గదు, దాని మీద ఒకటి కూడా పెరగదు. కానీ పాస్‌వర్డ్ పెట్టె మొదటి రకం ప్రశ్నకు జవాబు చెప్పదు. మీ పాస్‌వర్డ్ వర్ణమాలలో మొదటి సగంతో మొదలవుతుందా అని అడిగితే అది పలకదు. పూర్తి పాస్‌వర్డ్ ఇచ్చిన తరువాతే అవునో కాదో అంటుంది.

ఒక ఉదాహరణ కట్టి చూద్దాం. ఒక కార్యాలయంలో సగం మంది ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నారని, మిగిలిన సగం మంది 1,024 వేర్వేరు పాస్‌వర్డ్‌లలోంచి సమాన సంభావ్యతతో ఒక్కొక్కటి తీసుకున్నారని అనుకోండి. మొదటి రకం ప్రశ్నలతో వెళితే, అందరూ వాడేదేనా అన్నది తొలి ప్రశ్న. కాదంటే మిగిలిన 1,024ను సగానికి సగం చేసుకుంటూ పోవడానికి మరో పది ప్రశ్నలు. సగటు 1 కూడిక 10లో సగం, అంటే 6. షానన్ ఎంట్రపీ కట్టినా సరిగ్గా 6 బిట్లే వస్తుంది. ఇప్పుడు రెండో రకంలో, సంభావ్యత ఎక్కువున్న దానితో మొదలుపెట్టి ఒక్కొక్కటే ప్రయత్నిస్తే, సగటున పట్టే ప్రయత్నాలు 257.25. సమాన సంభావ్యత ఉన్న 64 పాస్‌వర్డ్‌లకు కూడా ఎంట్రపీ 6 బిట్లే, కానీ అక్కడ సగటు ప్రయత్నాలు 32.5 మాత్రమే. ఒకే ఎంట్రపీ ఉన్న రెండు కార్యాలయాల మధ్య ఊహించే శ్రమలో ఎనిమిది రెట్ల తేడా వచ్చింది.

చీమకుర్తి_నల్లరాయి
మీ లెక్కతోనే మీ వాదన పడిపోతోంది. ఎంట్రపీ తప్పు కొలత అన్నారు, ఒప్పుకుంటాను. దానికి బదులుగా సగటు ప్రయత్నాల సంఖ్యనే కొలతగా పెట్టుకుంటే సరిపోతుంది. 257 అంటే 32 కంటే కష్టం. ఇక చర్చ దేనికి?

రొయ్యల_గుంట
సగటు అన్న మాట వినగానే నాకు గుంట గట్టు మీద కౌంటు గుర్తుకొస్తుంది. కిలోకు 50 రొయ్యలు తూగితే 50 కౌంటు అంటారు. అన్నీ ఒకే సైజు ఉన్న సరుకూ 50 కౌంటే తూగవచ్చు, సగం పెద్దవీ సగం పిల్లలూ కలిసిన సరుకూ 50 కౌంటే తూగవచ్చు. కొనేవాడు చెయ్యి పెట్టి కలిపి చూడకుండా ధర చెప్పడు. నల్లరాయి గారు చెయ్యి పెట్టకుండా ధర చెబుతున్నారు.

ఉదయగిరి_చెక్కగరిటె
రొయ్యల గుంట గారు అన్న దానినే అంకెల్లో చెబుతాను. మూడు సార్లు తప్పితే ఖాతా మూసేసే పద్ధతి ఉందనుకోండి. 64 సమాన పాస్‌వర్డ్‌ల కార్యాలయంలో దొంగకు దొరికే అవకాశం 64లో 3, అంటే నూటికి అయిదు కూడా కాదు. నేను చెప్పిన మొదటి కార్యాలయంలో తొలి ప్రయత్నానికే నూటికి యాభై, తరువాతి రెండు ప్రయత్నాలతో ఇంకో పిసరు. నల్లరాయి గారి సగటు ప్రకారం ఎనిమిది రెట్లు భద్రమైన కార్యాలయంలోనే దొంగకు పదింతలకు పైగా ఎక్కువగా తలుపులు తెరుచుకుంటున్నాయి.

చీమకుర్తి_నల్లరాయి
మూడు సార్లకు మూసేసే చోట మీరన్నది సరే. పాస్‌వర్డ్‌ల ఫైలే దొంగ చేతికి చిక్కితే? హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పలేని గజిబిజి సంకేతంగా మార్చి దాచిన ఆ ఫైలును తన కంప్యూటర్‌లో పెట్టుకున్నవాడిని మూడో ప్రయత్నం దగ్గర ఆపేవారు ఉండరు. వాడికి కరెంటు ఖర్చు, కాలం మాత్రమే లెక్క, ఆ రెండూ సగటు ప్రయత్నాలను బట్టే పెరుగుతాయి. నా వాదన అక్కడ నిలుస్తుంది.

కావలి_లెక్కల_మాస్టారు
అక్కడ కూడా సగం మేరకే నిలుస్తుంది. 1994లో జేమ్స్ మాసీ ఈ ప్రశ్ననే తీసుకుని రెండు విషయాలు చూపాడు. ఎంట్రపీ కనీసం 2 బిట్లు ఉన్నప్పుడు, సగటు ప్రయత్నాల సంఖ్య ఒక కింది హద్దు కంటే తగ్గదు. 2ను ఎంట్రపీ ఘాతానికి హెచ్చించి, నాలుగో వంతు తీసి, ఒకటి కలిపితే ఆ హద్దు వస్తుంది. 6 బిట్లకు అది 17. గరిటె గారి రెండు కార్యాలయాలూ దానికి పైనే ఉన్నాయి. రెండో విషయం ఏమిటంటే, పై హద్దు అంటూ లేనే లేదు. ఎంట్రపీ సున్నాకు ఎంత దగ్గరగా ఉన్నా సగటు ప్రయత్నాలను ఎంత పెద్దవిగానైనా చేయవచ్చు.

నమ్మకం కుదరకపోతే ఇది కట్టి చూడండి. వెయ్యి మందిలో 999 మంది ఒకే పాస్‌వర్డ్ పెడతారు, ఆ మిగిలిన ఒక్కరు పది కోట్ల పాస్‌వర్డ్‌లలోంచి ఒకటి యాదృచ్ఛికంగా తీస్తారు. ఎంట్రపీ సుమారు 0.038 బిట్లు, అంటే అనిశ్చితి దాదాపు లేనట్టే. సగటు ప్రయత్నాలు మాత్రం సుమారు 50,000. ఆ యాభై వేలూ ఆ ఒక్కరి పుణ్యమే. దొంగ ఆ ఒక్కరి కోసం కూర్చోడు, తొలి ప్రయత్నంతో 999 మందిని దోచుకుని లేచిపోతాడు. ఎప్పుడు ఆపాలో దొంగే నిర్ణయించుకుంటాడన్న సంగతి నల్లరాయి గారి సగటులో లేదు. అందుకే కొందరు సగటును వదిలి, సగం ఖాతాలు తెరవడానికి ఎన్ని ప్రయత్నాలు, పదో వంతుకు ఎన్ని అని అడుగుతారు. ఫైలు దొంగిలించిన వాడి విషయంలో సరైన ప్రశ్న అదే.

షార్_దారి
సూళ్లూరుపేట నుంచి రాస్తున్నాను. నా పని యాదృచ్ఛిక సంఖ్యలతో కాబట్టి ఒక మాట చేరుస్తాను. హార్ట్లీనా, షానన్‌నా, సగటా అని ఇక్కడ విడివిడిగా వాదిస్తున్నారు కానీ, 1961లో హంగరీ గణితవేత్త రేనీ ఇలాంటి ఎంట్రపీ కొలతలను ఒకే వరుసలో కూర్చాడు. ఆ సూత్రంలో ఒక మీట ఉంటుంది, దానిని ఆర్డర్ అంటారు. దాన్ని సున్నా దగ్గర పెడితే హార్ట్లీ కొలత, ఒకటికి చేరిస్తే షానన్ ఎంట్రపీ, అనంతం దాకా తోస్తే మిన్-ఎంట్రపీ వస్తాయి. మిన్-ఎంట్రపీ అంటే అన్నింటికంటే ఎక్కువ సంభావ్యత ఉన్న ఒక్క దానినే తీసుకుని, దాని సంవర్గమానానికి రుణ చిహ్నం పెట్టడం. మిగిలిన వాటి జోలికి అది పోదు.

గరిటె గారి కార్యాలయానికే ఈ మీటను తిప్పి చూశాను. సున్నా దగ్గర 10 బిట్లు, అర దగ్గర 9.09, ఒకటి దగ్గర 6, రెండు దగ్గర దాదాపు 2, అనంతం దగ్గర 1. మనుషులు వాళ్లే, పాస్‌వర్డ్‌లు అవే. 10 బిట్లు అన్నవాడూ 1 బిట్ అన్నవాడూ ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకడు అవకాశాలు ఎన్ని అని లెక్కపెట్టాడు, ఇంకొకడు తొలి దెబ్బకు ఏమవుతుందో చూశాడు. నల్లరాయి గారికి ఇష్టమైన సగటు ప్రయత్నాలు షానన్ సంఖ్యతో కాక, అర దగ్గరి సంఖ్యతో ముడిపడి ఉంటాయని 1996లో అరికాన్ నిరూపించాడు.

మా రంగంలో ఈ తగువు ఎప్పుడో తీరిపోయింది. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే పరికరాలను పరీక్షించడానికి అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2018లో విడుదల చేసిన పత్రం మిన్-ఎంట్రపీనే కొలతగా తీసుకుంది. తాళాల విషయంలో చూడవలసింది అన్నింటికంటే బలహీనమైన చోటునే.

కందుకూరు_కుర్రాడు
నాకు ఒక సందేహం మిగిలింది. పొడవైన వరుసలు తీసుకుంటే, వచ్చే అవకాశమున్నవన్నీ దాదాపు సమాన సంభావ్యతతో ఉంటాయని, వాటి సంఖ్య 2ను మొత్తం ఎంట్రపీ ఘాతానికి హెచ్చిస్తే వచ్చేదంత ఉంటుందని మా పాఠ్యపుస్తకంలో ఉంది. అలాంటప్పుడు పొడవైన పాస్‌వర్డ్‌లకైనా షానన్ సంఖ్యే ఊహించే శ్రమ కావాలి కదా? అరికాన్ దగ్గర అర ఎక్కడి నుంచి వచ్చింది?

షార్_దారి
మంచి సందేహం. మీ పుస్తకం చెప్పినది నిజమే, కానీ అది దాదాపు అన్న మాట మీద నిలబడి ఉంది. ఆ మామూలు వరుసల గుంపుకు బయట పడే వరుసలు చాలా అరుదు, అయితే వాటిని ఊహించడానికి పట్టే ప్రయత్నాలు అంతకంటే విపరీతం. అరుదుతనం ఒక ఘాతంతో తగ్గుతుంటే ప్రయత్నాలు మరో ఘాతంతో పెరుగుతాయి. రెండింటినీ గుణించి సగటు తీసినప్పుడు గెలిచేది ఆ బయటి వరుసలే. మాస్టారి ఉదాహరణలో యాభై వేలూ ఒక్కరి నుంచి వచ్చినట్టే అనుకోండి. సందేశాన్ని కుదించి పంపేటప్పుడు ఈ బెడద లేదు, ఎందుకంటే అక్కడ అరుదైన వరుసకు కొన్ని బిట్లు ఎక్కువ ఖర్చవుతాయి అంతే. ఊహించేటప్పుడు అదే వరుసకు 2ను ఆ బిట్ల ఘాతానికి హెచ్చించినంత ఖర్చవుతుంది.

ఒంగోలు_డీటీపీ
అందరూ కలిసి షానన్‌ను బోనెక్కించినట్టు అనిపించి రాస్తున్నాను. ఆయన కొలత ఎక్కడ సరిపోతుందో నా పనిలో రోజూ చూస్తాను. తెలుగు యూనికోడ్‌లో సంకేతాలకు కేటాయించిన స్థలాలు 128. మనం సాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు, అంటే 24 బిట్లు పడతాయి. "లక్ష్మి" అని రాస్తే పొల్లులూ గుడీ కలిపి ఏడు సంకేతాలు, 21 బైట్లు. అయితే ప్రతి తెలుగు సంకేతానికీ మొదటి బైటు ఒకటే, దానిలో సమాచారం సున్నా. రెండో బైటు రెండే రకాలు, కాబట్టి గరిష్ఠంగా ఒక బిట్. మూడో దానిలో గరిష్ఠంగా ఆరు. 24 బిట్లు మోస్తున్న చోట ఉన్న సమాచారం ఎంత సాగదీసినా 7 బిట్లు దాటదు. పొల్లు తరువాత పదం మధ్యలో హల్లే వస్తుందని, పదం మొదట ణకారం దాదాపు రాదని లెక్కలో వేసుకుంటే ఇంకా తగ్గుతుంది. జిప్ చేయగానే తెలుగు ఫైలు అంతగా కుంచించుకుపోవడానికి కారణం ఇదే. ఇక్కడ దొంగ లేడు, తొలి దెబ్బ లేదు, వేల అక్షరాల మీద సగటే కావాలి. షానన్ స్వయంగా 1951లో మనుషుల చేత తరువాతి అక్షరాన్ని ఊహింపజేసి, ఆంగ్ల పాఠంలో అక్షరానికి 0.6 నుంచి 1.3 బిట్ల మధ్య ఉంటుందని అంచనా కట్టాడు.

ఉదయగిరి_చెక్కగరిటె
డీటీపీ గారు చెప్పినది పూర్తిగా ఒప్పు. 1948 వ్యాసంలో షానన్ ఈ కొలతను కట్టింది సందేశాలు మోసే తీగ కోసం, తాళం కోసం కాదు. తీగ మీద వేల సందేశాలు పోతాయి, ఖర్చు సగటున పంచుకుంటాము. మీ బ్యాంకు ఖాతాను వేల సార్లు సగటు తీసుకోలేరు.

మార్కాపురం_పలక
ఇంతవరకూ సంభావ్యతలు మన చేతిలో ఉన్నట్టే మాట్లాడుకుంటున్నాము. అవి ఎక్కడి నుంచి వస్తాయి? 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి సుమారు 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు ఏ మరుగూ లేకుండా బయటపడ్డాయి. వాటిలో అన్నింటికంటే ఎక్కువగా కనిపించినది 123456, దానిని పెట్టుకున్నవి సుమారు 2.9 లక్షల ఖాతాలు, అంటే దాదాపు 112 ఖాతాలకు ఒకటి. మిన్-ఎంట్రపీ కడితే 7 బిట్లు కూడా రాదు. ఆ తరువాత 2012లో కేంబ్రిడ్జ్ పరిశోధకుడు జోసెఫ్ బోనో, దాదాపు 7 కోట్ల యాహూ పాస్‌వర్డ్‌లను, అసలు పదాలను చూడకుండా వాటి పౌనఃపున్యాలతో మాత్రమే విశ్లేషించాడు. ఖాతాకు కొద్ది ప్రయత్నాలే చేయగలిగిన దొంగ ముందు వాటి బలం పది బిట్లకు లోపు, ఫైలు చేతికి చిక్కించుకున్న దొంగ ముందు సుమారు ఇరవై బిట్లు అని తేల్చాడు. పెన్నా ఒడ్డు గారి మీటరు చూపిన 52ను ఈ పది పక్కన పెట్టి చూడండి.

గూడూరు_నిమ్మ
నాకు అర్థమైనంతలో, భార్య పుట్టినరోజును పాస్‌వర్డ్‌గా పెట్టినవాడి ఇంట్లో ఎంట్రపీ సున్నా. ఆ తేదీ మరచిపోయినవాడికి మాత్రం 366 రోజులకు సంవర్గమానం తీసి సుమారు 8.5 బిట్లు.

కావలి_లెక్కల_మాస్టారు
నిమ్మ గారు వేళాకోళంగా అన్నా, అందులో అసలు విషయం ఉంది. ఎంట్రపీ పాస్‌వర్డ్‌లో ఉండదు. అది ఎలా ఎంచుకోబడిందన్న పద్ధతికీ, ఊహించేవాడికి ముందే ఎంత తెలుసునన్న దానికీ మధ్య ఉంటుంది. నెల్లూరు జిల్లాకు వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలదే. రేపు వాన పడుతుందన్న కబురు నవంబరులో మనకు పెద్ద కబురు కాదు, మే నెలలో అయితే చాలా పెద్ద కబురు. మన వాతావరణం తెలియని వాడికి రెండూ ఒకటే. అలాగే మీ ఊరు, మీ ఇలవేల్పు, మీ పిల్లల పేర్లు తెలిసిన వాడికి మీ పాస్‌వర్డ్ మీద ఉన్న అనిశ్చితి వేరు, ఎక్కడో దూరాన ఉన్న వాడికి వేరు. ఎనిమిది అక్షరాలను చూసి బిట్లు చెప్పే మీటరుకు ఈ రెండింటిలో ఏదీ తెలియదు.

పెన్నా_ఒడ్డు
అందరికీ ధన్యవాదాలు. మా మేనేజరు గారికి రేనీ గురించి చెబితే నన్ను ఆయన ఎలా చూస్తారో ఊహించగలను, దానికి ఎంట్రపీ చాలా తక్కువ. మీటరు తీసేసి ఏమి పెట్టాలి? ఆయనకు ఒక అంకె కావాలి, ఆ అంకె నిజమైనది కావాలి.

మార్కాపురం_పలక
పెద్ద అక్షరం, అంకె, గుర్తు అన్న నిర్బంధాన్ని ముందు తీసేయండి. ఆ నిర్బంధమే మీ వాళ్లందరినీ ఊరి పేరు, ఎట్ గుర్తు, ఒకటి అనే ఒకే దారిలో నడిపించింది. నిస్ట్ 2017లో ఇచ్చిన సూచనలలో ఇలాంటి కూర్పు నియమాలు వద్దని, దానికి బదులు విరివిగా వాడే పాస్‌వర్డ్‌ల జాబితాతో పోల్చి, అందులో ఉన్న వాటిని తిరస్కరించాలని చెప్పింది. మిన్-ఎంట్రపీ చూసే కంటితో ఆలోచిస్తే అది సబబే, ఎందుకంటే అందరూ ఎక్కువగా పెట్టే పాస్‌వర్డ్‌లనే ఆ జాబితా కత్తిరిస్తుంది. మీ ఆడిటర్ జాబితానే అడిగి తెచ్చుకుని దానితో మొదలుపెట్టండి. తప్పు ప్రయత్నాల సంఖ్యకు పరిమితి ఎలాగూ ఉండాలి.

అంకె కావాలంటే మాత్రం పాచికలే దిక్కు. 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఉంది. ఒక పాచికను అయిదు సార్లు వేస్తే 7,776 ఫలితాలు సాధ్యం, ఒక్కొక్క ఫలితానికి ఒక పదం ఉన్న పట్టిక ఉంటుంది. ఒక పదానికి 12.9 బిట్లు, అయిదు పదాలకు 64.6. ఇక్కడ అన్నీ సమాన సంభావ్యతే కాబట్టి షార్ దారి గారి మీట ఎక్కడ పెట్టినా అదే 64.6 వస్తుంది. హార్ట్లీ, షానన్, మిన్-ఎంట్రపీ ముగ్గురూ ఒకే మాట మీద నిలబడే చోటు ఇదొక్కటే. దొంగకు మీ పట్టికా, మీ పద్ధతీ పూర్తిగా తెలిసినా ఆ అంకె తగ్గదు.

చీమకుర్తి_నల్లరాయి
కాగితం మీద బాగానే ఉంది. మనుషులు అలా చేయరు. పాచిక వేసి అయిదు పదాలు వచ్చాక, ఇవి బాగా లేవు, ఇంకోసారి వేద్దామంటారు. నచ్చేదాకా వేసి, తేలికగా గుర్తుండేది ఏరుకుంటారు. అప్పుడు మళ్లీ మనిషి ఇష్టమే గెలిచినట్టు, మీ 64.6 గాలికి పోయినట్టు.

షార్_దారి
ఈసారి నల్లరాయి గారి అనుమానానికి ఖచ్చితమైన జవాబు ఉంది. ఎనిమిది సార్లు వేసి, వచ్చిన ఎనిమిదింటిలో తనకు అన్నింటికంటే నచ్చినది తీసుకున్నాడని అనుకుందాం. ఏదైనా ఒక నిర్దిష్టమైన అయిదు పదాల వరుస చివరికి ఎంపిక కావాలంటే, అది ముందు ఆ ఎనిమిదింటిలో ఒకటిగా వచ్చి ఉండాలి. అలా వచ్చే సంభావ్యత, ఒక్కసారి వేస్తే వచ్చే దానికి ఎనిమిది రెట్లకు మించదు. ఎనిమిదికి సంవర్గమానం 3. కాబట్టి అతని ఇష్టాయిష్టాలు ఎంత ఊహించదగినవైనా మిన్-ఎంట్రపీలో పోయేది గరిష్ఠంగా 3 బిట్లే, ఇంకా 61.6 మిగులుతుంది. పదహారు సార్లు వేస్తే 4 పోతాయి. ఎన్నిసార్లు వేయవచ్చో ముందే నియమం పెట్టి, పోయే బిట్లను ముందే తీసివేసి చెబితే మేనేజరు గారికి ఇచ్చే అంకె నిజమైనదే అవుతుంది.

చీమకుర్తి_నల్లరాయి
నియమం లేకుండా విసుగు పుట్టేదాకా వేస్తే?

షార్_దారి
అప్పుడు హద్దు లేదు. నియమం పెట్టమన్నది అందుకే.

పెన్నా_ఒడ్డు
ఇది చేయగలను. ఇంకొక్క ప్రశ్న. మా వాళ్లు తెలుగు పదాలను ఆంగ్ల లిపిలోనే టైపు చేస్తారు. "చెరువు" అన్న పదాన్ని ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా రాస్తారు. అలా స్పెల్లింగు మారడం వల్ల వచ్చే అదనపు బలాన్ని అంకెలో కలపవచ్చా?

ఉదయగిరి_చెక్కగరిటె
కలపవద్దు. స్పెల్లింగును పాచిక ఎంచలేదు, మనిషి అలవాటు ఎంచింది. దొంగకు కొంత ఇబ్బంది కలిగితే కలగవచ్చు, కానీ ఎంతో కొలవలేనప్పుడు లెక్కలో సున్నా వేయడమే పద్ధతి. పైగా, నేడు ఒకలా రేపు ఒకలా రాసి తన ఖాతాను తానే మూసేసుకునే ప్రమాదం ఉంది. పట్టికలో ప్రతి పదానికీ ఒకే స్పెల్లింగు అచ్చువేసి ఇవ్వండి.

మార్కాపురం_పలక
పట్టికలో "పాలు" అనీ "పాలుపంచు" అనీ ఒకదానిలో ఒకటి ఇమిడిపోయే పదాలు కూడా పెట్టవద్దు. ఖాళీ లేకుండా కలిపి టైపు చేస్తే రెండు వేర్వేరు వరుసలు ఒకటే అయిపోయే వీలుంది, అప్పుడు 7,776 అన్న లెక్క చెడుతుంది. ఖాళీ గానీ గీత గానీ తప్పనిసరి చేసినా సరిపోతుంది.

గూడూరు_నిమ్మ
ఎనిమిది వరుసలూ రాసుకున్న కాగితాన్ని బల్ల మీద వదిలి ఇంటికి వెళ్లే ఉద్యోగి కూడా మీ దగ్గర ఉంటాడు. దొరికినవాడికి అప్పుడు మిగిలేది గరిష్ఠంగా 3 బిట్లు. కాబట్టి పాచికతో పాటు ఒక చింపుడు డబ్బా కూడా కొనమని మేనేజరు గారికి రాయండి.